ఓనమాలు ఏ భాషలో?

మొన్న మా తోటికోడలి కూతురు కొడుకుని బాసర తీసుకువెళ్ళి అక్షరాభ్యాసం చేయించుకొచ్చింది. ప్రసాదం ఇవ్వడానికి వారాసిగూడలో మా ఇంటికి వచ్చి, వాడు బియ్యంలో ‘ఓం’ ఎంత వంకరగా దిద్దాడో, పంతులుగారు వేలు పట్టుకుంటే ఎలా విదిలించుకున్నాడో చెప్పి అందర్నీ నవ్వించింది. కాఫీ తాగాక గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి ఓ నోటుపుస్తకం తీసి, “వాడి ఓనమాలు అయిపోయాయి పిన్నీ, ఇంక నావి మొదలుపెట్టాలి” అంది.

సంగతేమిటంటే, ఈ పిల్ల బి.కాం. చదివింది. పెళ్ళికి ముందు ఓ కంపెనీలో అకౌంట్లు చూసేది. బాబు పుట్టాక మానేసింది. ఇప్పుడు వాడు బడికి వెళ్తాడు, అతగాడి జీతమేమో ముందులా లేదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటే మళ్ళీ ఉద్యోగంలో చేరవచ్చని దాని ఆశ. ఫీజుకోసం రెండు గాజులు బ్యాంకులో పెట్టడానికి కూడా సిద్ధపడింది. వచ్చిన చిక్కల్లా ముందు ఏ భాష నేర్చుకోవాలన్నదే.

నోటుపుస్తకం తెరిచి చూపించింది. మరిది పైథాన్ అన్నాడట. భర్త స్నేహితుడు జావా అన్నాడట. ఎదురింటి లెక్చరరుగారు, పునాది గట్టిగా ఉండాలమ్మా, ‘సి’ రానివాళ్ళకి ఏదీ రానట్టే అన్నారట. అమీర్‌పేటలో ఓ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే, “ఏదైనా ఒకటే మేడమ్, ఇవాళ ఫీజు కడితే డిస్కౌంటు” అన్నారట. ఇంకొకాయనైతే, ఈ రోజుల్లో ప్రోగ్రాములు కూడా యంత్రమే రాసేస్తుంటే నీకెందుకమ్మా ఈ శ్రమ అన్నాడట! ఇన్ని మాటలు వరసగా రాసుకుని, కింద తన చేతివ్రాతతో ఒక ప్రశ్న వేసుకుంది: ‘తప్పు ఎంచుకుంటే?’

“మళ్ళీ కట్టడానికి డబ్బూ లేదు పిన్నీ, మళ్ళీ మొదలుపెట్టడానికి వయసూ లేదు” అంది. ముప్ఫైనాలుగేళ్ళ పిల్ల. నవ్వొచ్చిందిగానీ నవ్వలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న ముందు నేనూ ఒకప్పుడు నిలబడ్డాను. ఆ కథ తరువాత చెప్తాను.

అసలు ‘మొదటి భాష ఏది’ అన్న గొడవ మా పేటకి కొత్తేమీ కాదు. మా డాబా ఎక్కితే ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లు కనిపిస్తాయి. 1918లో ఏడో నిజాం ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు, మనదేశంలో పెద్దచదువులన్నీ ఇంగ్లీషులోనే సాగుతున్నాయి. ఇక్కడ మాత్రం ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. చరిత్రా, తర్కమూ సరే, రసాయనశాస్త్రమూ ఉర్దూలోనే, వైద్యమూ ఉర్దూలోనే! పుస్తకాలు లేకపోతే ఎలా మరి? అందుకని అంతకు ముందే, 1917లో, ఒక అనువాదశాఖ పెట్టి, పండితుల్ని కూర్చోబెట్టి, వందలకొద్దీ ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు ఉర్దూలోకి తెప్పించారు. లేని మాటల్ని పుట్టించారు.

మా మామగారు 1940లలో అక్కడే బి.ఎస్సీ. చదివారు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, క్లాసులో పుస్తకాల ఉర్దూ. ఆమ్లాన్ని ‘తేజాబ్’ అనీ, ఉష్ణోగ్రతని ‘దర్జా-ఎ-హరారత్’ అనీ కంఠతా పట్టి ప్యాసయ్యారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత విశ్వవిద్యాలయంలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నేర్చుకున్న మాటలన్నీ అటకెక్కాయి. ఉద్యోగంలో ఇంగ్లీషు కాగితాలు ముందుకొచ్చి కూర్చున్నాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అడిగాను, ఆ చదువంతా వృథా అయిందని ఎప్పుడైనా బాధపడ్డారా అని. “తేజాబ్ అన్నా యాసిడ్ అన్నా చెయ్యి కాలేది ఒక్కలాగే కదమ్మా” అన్నారు. పేపరు చదవడంలో మునిగిపోయి అన్న మాట అది. ఆయన అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

విచిత్రం చూడండి, ఆ ప్రాంగణం అంచునే, తార్నాక వైపు, ఇంగ్లీషు ఎలా నేర్పాలో మాస్టార్లకి నేర్పడానికి 1958లో ఒక కేంద్రసంస్థ పెట్టారు. అదే 2007 నుంచి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1968లో కాలేజీ పుస్తకాలు తెలుగులో తేవడానికి తెలుగు అకాడమీ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షులు, అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మొత్తానికి ఒక్క యాభై ఏళ్ళలో ఈ ఊళ్ళో చదువు మూడు భాషలు చూసింది. ప్రతిసారీ పెద్దలు ఇదే సరైన దారి అన్నారు. పిల్లలు మాత్రం తమ కాలానికి ఏది దొరికితే దానిలో చదువుకుని బయటపడ్డారు.

సరే, కంప్యూటరు సంగతికి వద్దాం.

యంత్రానికి తెలిసినవి రెండే రెండు: విద్యుత్తు ఉండటం, లేకపోవటం. వాటినే ఒకటి, సున్నా అంటారు. మొదట్లో మనుషులే ఆ ఒకట్ల, సున్నాల లోకంలోకి దిగి, అంకెలతోనే దానికి పని చెప్పవలసివచ్చేది. మనం ఇంట్లో పనమ్మాయికి ‘గిన్నెలు తోమవే’ అని చెప్పకుండా, ‘చెయ్యి చాపు, గిన్నె పట్టు, తిప్పు’ అంటూ నూటపాతిక అంకెలు చదివితే ఎలా ఉంటుందో అలాగ. ఈ బాధ తప్పించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినది ఒక ఆడమనిషి. పేరు గ్రేస్ హాపర్. అమెరికాలో గణితం చెప్పే ఆవిడ, యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి కంప్యూటర్ల దగ్గరికి వచ్చింది. మనిషికి అర్థమయ్యే మాటల్లో రాస్తే, దాన్ని యంత్రమే తన అంకెల్లోకి మార్చుకోవచ్చు కదా అని ఆవిడ ఆలోచన. 1952 నాటికే ఆ దారిలో మొదటి అడుగు వేసింది. కంప్యూటరు కూడికలు చేస్తుందిగానీ మాటలు ఎక్కడ అర్థం చేసుకుంటుందమ్మా అని చుట్టూ ఉన్నవాళ్ళు కొట్టిపారేశారట.

ఆవిడే తరువాతి రోజుల్లో చెప్పిన ఒక ముచ్చట నాకు భలే ఇష్టం. ఇంగ్లీషు మాటలతో రాసిన ప్రోగ్రాము పనిచేస్తోందని పై అధికారులకి చూపించి, ఆ ఊపులో అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతోనూ జర్మను మాటలతోనూ రాసి చూపించిందట. యంత్రానికేం, ఏ గుర్తయినా ఒకటే. అధికారులు మాత్రం కంగారుపడిపోయారట, అమెరికాలో తయారైన కంప్యూటరుకి ఫ్రెంచి, జర్మను ఎలా వస్తాయి అని! మన ఉస్మానియాలో ఉర్దూలో వైద్యం చెప్తామన్నప్పుడు ముక్కున వేలేసుకున్నవాళ్ళకి వీళ్ళు అన్నదమ్ములే అనిపిస్తుంది.

వ్యాపారపు లెక్కలకి అన్ని కంపెనీల యంత్రాల మీదా నడిచే ఒకే భాష కావాలని 1959లో మొదట గొంతెత్తినది కూడా ఇంకో ఆడమనిషే, మేరీ హాస్. ఆ పట్టుదలలోంచి పుట్టినదే కోబాల్. హాపర్ చేసిన పని దానికి పునాది. దాని వాక్యాలు మామూలు ఇంగ్లీషు వాక్యాల్లాగే ఉంటాయి, చివర చుక్క పెట్టకపోతే ఒప్పుకోదు.

అంతకు రెండేళ్ళ ముందు, 1957లో, ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ తెచ్చింది. ఇది లెక్కల మాస్టార్ల భాష. సూత్రాలు రాస్తే చేసిపెడుతుంది. మన హైదరాబాదులో మొదటి తరం కంప్యూటరువాళ్ళు చాలామందికి ఇదే ఓనమాలు. తార్నాక దాటి బస్సు పోతే వచ్చే ఇ.సి.ఐ.ఎల్. 1967లో మొదలైంది. దాని వెనక ఉన్నది మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. ఎ.ఎస్.రావు నగర్ అని బస్సు కండక్టరు అరిచినప్పుడల్లా మనం తలుచుకునేది ఆయన్నే. 1969లో ఆ సంస్థ టి.డి.సి. 12 అనే కంప్యూటరును, 1975లో టి.డి.సి. 316 ను తయారుచేసింది.

ఆ కాలంలో ఏ భాష నేర్చుకోవాలి అని అడిగినవాడు లేడు. ఏ యంత్రం దగ్గర చోటు దొరికితే ఆ యంత్రానికి వచ్చిన భాషే మన భాష. ఎంపిక మనిషిది కాదు, యంత్రానిది. అది కూడా ఊరికే టైపు చేసేయడం కాదు. అట్టముక్కలకి చిల్లులు పొడవాలి. ఒక్కో అట్టలో ఎనభై నిలువు గళ్ళు, ఒక్కో అట్టకి ప్రోగ్రాములో ఒక్క పంక్తి. ఫోర్ట్రానులో అయితే ఏడో గడినుంచే అసలు మాట మొదలు కావాలి. ముందు గళ్ళు గుర్తులకి. ఒక్క గడి అటూ ఇటూ అయితే ఆ అట్ట చెల్లదు. ప్రోగ్రాము అంటే చేతిలో వందలకొద్దీ అట్టల కట్ట. చెయ్యి జారి కిందపడిందా, పేకముక్కల్లా కలిసిపోయేవి. అందుకని తెలివైనవాళ్ళు కట్ట పై అంచు మీద ఈ మూలనుంచి ఆ మూలకి పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవారు. మళ్ళీ పేర్చినప్పుడు గీత సరిగ్గా కలిస్తే వరస సరిగ్గా ఉన్నట్టు. మడత పెట్టిన చీరకి అంచు కలిసిందో లేదో చూసుకోమూ, అలాగన్నమాట.

ఆ ఫోర్ట్రాన్ మనందరికీ తెలియకుండానే మన ఇళ్ళలోకి వచ్చింది. మా వారు రైల్వేలో రిజర్వేషను కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. మొదట్లో ఒక్కో బండికి ఒక్కో పెద్ద రిజిస్టరు ఉండేది. గోదావరికి టిక్కెట్టు కావాలంటే గోదావరి రిజిస్టరున్న కౌంటరు ముందే నిలబడాలి. సి.ఎం.సి. సంస్థ తయారుచేసిన కంప్యూటరు రిజర్వేషను 1986లో ఢిల్లీలో మొదలై, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే సికింద్రాబాదుకి వచ్చింది. ఏ కౌంటరులోనైనా ఏ బండికైనా టిక్కెట్టు! ఊళ్ళన్నిటినీ కలిపే తరువాతి ఏర్పాటు 1994లో మొదట అమలైంది మన సికింద్రాబాదులోనే. ఆ ప్రోగ్రాముల్లో చాలా భాగం ఫోర్ట్రానులో రాసినవే. “అన్నేళ్ళు దాని ముందు కూర్చున్నాను, అదేదో తలనొప్పి బిళ్ళ పేరనుకున్నాను” అన్నారు మా వారు, నేను ఈ సంగతి చెప్తే.

ఇక నా కథ.

1964 మే 1వ తారీఖు, తెల్లవారుజామున నాలుగు గంటలకి, అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో బేసిక్ అనే భాష మొదటిసారి నడిచింది. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అని ఇద్దరు గణితం ప్రొఫెసర్లు చేశారు. కెమెనీ ఒకప్పుడు ఐన్‌స్టీన్ దగ్గర సహాయకుడుగా పనిచేసినవాడు. సైన్సు చదివేవాళ్ళు ఎలాగూ నేర్చుకుంటారు, సాహిత్యమూ చరిత్రా చదివే పిల్లల మాటేమిటని వాళ్ళ తపన. అప్పటిదాకా భాషలన్నీ పనికోసం పుట్టాయి, ఇది మాత్రం కొత్తగా నేర్చుకునేవాళ్ళకోసమే పుట్టింది. దాని పేరులోనే ఆ మాట ఉంది.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది మనదాకా వచ్చింది. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించింది. ఆ చుట్టుపట్లే బళ్ళలో కంప్యూటరు పాఠాలని ఒక పథకం వచ్చి, ఇంగ్లండునుంచి బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు దిగాయి. వాటి కడుపులోనే బేసిక్ ఉండేది. మీట నొక్కగానే అదే పలకరించేది. వీధివీధికీ ‘కంప్యూటర్ ఎడ్యుకేషన్’ అని బోర్డులు వెలిశాయి. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నాన్నగారిని బతిమాలి, మా ఇంటికి దగ్గరలో మేడమీద గదిలో పెట్టిన ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను.

ఆ గదికి ఏ.సి. ఉండేది. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. ముప్ఫైమందికి రెండు యంత్రాలు. వారానికి అరగంట మన వంతు. మిగతా రోజులన్నీ కాగితం మీద రాసి, మనమే కంప్యూటరు అనుకుని, ఒక్కో పంక్తీ వేలు పెట్టి చదువుకుంటూ జవాబు కట్టుకోవడమే. ఇప్పుడు తలుచుకుంటే, నేను నేర్చుకున్నదంతా ఆ కాగితం మీదనే.

బేసిక్‌లో ప్రతి పంక్తికీ ఒక నంబరు వేయాలి. ఒకటి, రెండు, మూడు అని కాదు, 10, 20, 30 అని. ఎందుకూ అంటే, మధ్యలో ఏదైనా మరిచిపోతే 15 అని దూర్చుకోవచ్చు. మాస్టారు ఇది చెప్పగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అక్క పెళ్ళికి ఖర్చుల పద్దు రాస్తూ ప్రతి రెండు పంక్తులకీ మధ్య ఒక గీత ఖాళీ వదిలేది. ఏదో ఒకటి మరిచిపోకుండా పెళ్ళి ఎక్కడవుతుందే అనేది. నాకు బేసిక్ ఆ రోజే వచ్చేసింది. మొదటి ప్రోగ్రాము, నా పేరు తెరనిండా పచ్చటి అక్షరాల్లో ఆగకుండా పడటం. ఎలా ఆపాలో తెలియక మాస్టారిని కేకేశాను.

నాలుగో నెలలో ఒకరోజు వెళ్ళేసరికి తలుపుకి తాళం. ఫీజు మాత్రం ఆర్నెల్లదీ ముందే తీసుకున్నారు. నాన్నగారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. పోనీ ఇంకోచోట చేరదామనుకుంటూ ఉండగా, ఇంజనీరింగ్ చదివే మా బంధువుల అబ్బాయి ఒకడు భోజనాల దగ్గర అన్నాడు: “బేసిక్‌తో మొదలుపెట్టిందా? ఇంక లాభం లేదు. బేసిక్ నేర్చుకున్నవాళ్ళకి బుర్ర పాడైపోతుందిట. పెద్ద ప్రొఫెసరు రాశాడు.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత చేరలేదు. పెళ్ళయింది. ముప్ఫై అయిదేళ్ళకి పైగా, ఆ పని నాకు చేతకాదనీ, మొదటి అడుగే తప్పు వేశాననీ నమ్ముతూ వచ్చాను.

ఆ ‘పెద్ద ప్రొఫెసరు’ ఎవరో ఈమధ్యనే తెలిసింది. డచ్చి దేశస్థుడు, ఎడ్స్గర్ డైక్‌స్ట్రా. నిజంగా మహా మేధావి. 1975లో ఒక ఘాటైన రచనలో, బేసిక్ అలవాటైన విద్యార్థులకి మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యం, వాళ్ళు బాగుపడరు అన్నాడు. అందులోనే కోబాల్‌నీ తిట్టాడు, ఫోర్ట్రాన్‌నీ వదల్లేదు. అంటే ఆ లెక్కన ఆ రోజు భోజనాల దగ్గర నవ్విన ఫోర్ట్రాన్ అబ్బాయి బుర్ర కూడా పాడైనట్టే! ఆ ముక్క వాడు చదివాడో లేదో. నిజానికి ఆ తరంలో పేరు తెచ్చుకున్న ప్రోగ్రామర్లు ఎంతోమంది ఇంట్లో బేసిక్‌తో మొదలుపెట్టినవాళ్ళే. విద్వాంసుడి విసురు ఒకటి సముద్రాలు దాటి, మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న ఒక ఆడపిల్ల మీద పడింది. ఆయనకి ఈ సంగతి తెలిస్తే ఏమనేవాడో!

ఇప్పుడు పి.వి. గారి సంగతి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థుల్ని వెళ్ళగొట్టినప్పుడు, నాగపూరు పోయి చదువుకున్నవాళ్ళలో ఆయనొకరు. పదికి పైగా భాషలు వచ్చినాయన, ‘వేయిపడగలు’ను హిందీలోకి దించినాయన. 1980ల మధ్యలో రాజీవ్ మంత్రివర్గంలో ఉండగా, పాతతరం వాళ్ళకి ఈ కంప్యూటర్లు ఎక్కడ అర్థమవుతాయి అని రాజీవ్ ఎవరితోనో అంటుంటే చెవిన పడిందట. ఆ రాత్రే హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ వ్యాపారం చేస్తున్న కొడుక్కి ఫోను చేసి, ఒక కంప్యూటరు పంపమన్నారు. ఈ సంగతి ఆ కొడుకే తరువాత చెప్పారు. యంత్రం వచ్చింది. మొదట ఒక మాస్టారిని పెట్టుకున్నారు, తరువాత పుస్తకాలు ముందేసుకుని తనంతట తానే కూర్చున్నారు. అప్పటికి ఆయన వయసు అరవై అయిదు దరిదాపులు. నేర్చుకున్నది ఏమిటనుకున్నారు? కోబాల్, బేసిక్. రెండూ ఆ డచ్చి ప్రొఫెసరు తిట్టినవే. ఆ రెండూ వచ్చాక యూనిక్స్‌లో ప్రోగ్రాములు రాయడం దాకా వెళ్ళారు.

ఈ కథ విని మా అమ్మాయి నోటుపుస్తకం మూసింది. “ఆయనకి ఏది నేర్చుకోమని ఎవరు చెప్పారు పిన్నీ?” అంది. ఇంటికి వచ్చిన పెట్టెలో ఏది ఉంటే అదేనేమోనే అన్నాను.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1970లో స్విట్జర్లండులో నిక్లాస్ విర్త్ పద్ధతిగా నేర్పడానికని పాస్కల్ తెచ్చాడు. పన్ను లెక్కలతో సతమతమవుతున్న తండ్రికోసం 1642లో కూడికల యంత్రం చేయడం మొదలుపెట్టిన పాస్కల్ అనే కుర్రాడి పేరది. 1972 ప్రాంతంలో బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ ‘సి’ని తీర్చిదిద్దాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో దశాబ్దాలపాటు అదే ఓనమాలు. లెక్చరరుగారు పునాది అన్నది అందుకే. తప్పేమీ లేదు, ఆయన ఓనమాలు అవి. 1995లో జావా వచ్చింది. 1998లో మన మాదాపూరులో సైబర్ టవర్స్ తెరుచుకునేసరికి ఊరంతా జావా జపం. సరిగ్గా అప్పుడే ఒక తమాషా జరిగింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు వేసేవారు. 2000 వస్తే అది 1900 అనుకుంటుందని ప్రపంచమంతా హడలిపోయింది. చచ్చిపోయిందన్న కోబాల్‌ని నేర్చుకున్నవాళ్ళు కావలసివచ్చారు. మా వీధిలోనే ఒకావిడ, పాత కోబాల్ నోట్సు అటకమీదనుంచి దించి, దుమ్ము దులిపి, అమీర్‌పేటలో మూడునెలలు మెరుగుపెట్టుకుని అమెరికా వెళ్ళింది.

పైథాన్ మాట చెప్పకపోతే మరిది బాధపడతాడు. దాని కర్త గీడో వాన్ రోసమ్. 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి, 1991లో లోకం మీదకి వదిలాడు. ఈయనా డచ్చివాడే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పనిచేసిన సంస్థలోనే ఒకప్పుడు డైక్‌స్ట్రా కూడా పనిచేశాడు! పైథాన్ అంటే కొండచిలువ కదా, ఇంట్లో పిల్లలున్నారు, ఆ పేరేమిటని మా అమ్మాయి అత్తగారు సందేహించారట. కొండచిలువతో సంబంధం లేదండీ, అది ఇంగ్లండులో ఒక హాస్య నాటికల బృందం పేరు. ఇప్పుడు సి.బి.ఎస్.ఇ. బళ్ళలో కూడా సి++ బదులు దీన్నే చెప్తున్నారు.

“అయితే నన్నేం నేర్చుకోమంటావు?” అంది చివరికి.

నాకు తెలిసిందే చెప్పాను. మీ మరిది నీతో ఒకే ఇంట్లో ఉంటాడు. రాత్రి తొమ్మిదింటికి తప్పు ఎక్కడుందో తెలియక ఏడుపొస్తే అడగడానికి మనిషి ఉన్నాడు. లాప్‌టాప్ వాడిది. పైథానుకి రూపాయి కట్టనక్కర్లేదు. పైగా నువ్వు అకౌంట్లు చూసినదానివి, లెక్కల పట్టికలతో పనిచేయడానికి అది బాగా అనువు. మరిదికి జావా వచ్చి ఉంటే జావా అనేదాన్ని. గాజులు చేతికే ఉండనీ. మూడునెలలు ఇంట్లో కూర్చుని చూడు, ఆ తరువాత కావాలంటే ఫీజు సంగతి. ఉద్యోగం వస్తుందా అంటే నేను హామీ ఇవ్వలేను. యంత్రమే రాసిపెడుతుందన్నాడే ఒకాయన, నిజమే, రాస్తోంది. మరి అది రాసినది ఒప్పో తప్పో చదవడానికి ఒకరికి రావాలి కదా. వంటమనిషిని పెట్టుకున్నా ఉప్పు చూసుకోవడం మనకి తెలియాలిగా!

వారం తరువాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. మొదటి ప్రోగ్రాముకి లెక్క కావాలంది. మా వీధిలో ఇరవైమందిమి చీటీ కట్టుకుంటాం, నెలకి తలా అయిదువేలు. పద్దు నాది. ఆ పుస్తకం ఇచ్చాను. ప్రతి నెలా పాటలో తగ్గిన మొత్తాన్ని ఇరవైతో భాగించి, అయిదువేలలోంచి తీసేస్తే ఎవరెంత కట్టాలో వస్తుంది. ఇంతే. అయిదారు పంక్తులు రాసింది. నడవలేదు. ఎర్రటి అక్షరాలతో ఏదో తిట్టింది. పావుగంట ఇద్దరం తల పట్టుకున్నాం. పైథానులో ఒక మాట కింద వచ్చే పంక్తుల్ని కాస్త లోపలికి జరిపి రాయాలట. ఒక పంక్తి జరగలేదు. నాకు ఫోర్ట్రాన్ అట్టల ఏడో గడి గుర్తొచ్చి నవ్వొచ్చింది. జరిపింది. గబగబా ఎనిమిది నెలల లెక్కలూ పడ్డాయి.

నా పుస్తకంతో సరిచూశాం. ఏడు నెలలు కలిశాయి, ఒకటి కలవలేదు. అది 4,100 అంటుంది, నా పుస్తకంలో 4,200 ఉంది. “తప్పు రాశావేమో చూడవే” అన్నాను. మళ్ళీ చూసింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు తీసుకుని, పాత పద్ధతిలో కాగితం మీద ఒక్కో పంక్తీ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. ఆ నెల పాటలో తగ్గినది పద్దెనిమిది వేలు. ఇరవైమందికి తలా తొమ్మిది వందలు. 4,100 రైటు.

అంటే అయిదు నెలల కింద ఇరవైమంది దగ్గరా తలా వంద చొప్పున ఎక్కువ తీసుకున్నాను. పోపులపెట్టెలో ఒకసారి లెక్కకి మించి రెండువేలు కనిపిస్తే, నా పొదుపే అనుకుని కొత్త కుక్కరు కొన్నాను. ఇప్పుడు ఇరవై గడపలూ ఎక్కి వంద వంద తిరిగివ్వాలి. మా అమ్మాయి మాత్రం అది పట్టించుకోకుండా, నోటుపుస్తకంలో ‘తప్పు ఎంచుకుంటే?’ అన్న ప్రశ్న కింద పెద్ద అక్షరాలతో ఆ అయిదారు పంక్తులూ ఎక్కించుకుంటోంది.